రెండు గేదెల పాలు, రెండు వందల గేదెల పాలు



మన ఊళ్లలో రెండు గేదెలు కట్టుకుని బతికే కాపు ఉన్నాడు. ఇరవై గేదెల కొట్టం వేసి, ఇద్దరు మనుషులను జీతానికి పెట్టుకున్న ఆసామి ఉన్నాడు. ఈమధ్య రోడ్ల పక్కన రెండేసి వందల పశువులను పెట్టి, యంత్రాలతో పాలు తీసే ఫారాలు కూడా వెలిసినవి. ఈ ముగ్గురిలో ఎవరి పాలు మంచివి?

పట్నంలో అడిగితే, “పెద్ద ఫారం పాలండీ, చెయ్యి తగలకుండా వస్తాయి కదా!” అంటారు. పల్లెలో అడిగితే, “మా ఇంటి గేదె పాలకంటే మంచి పాలు ఎక్కడున్నాయి?” అంటారు. రెండు మాటల్లోనూ సగం నిజం ఉన్నది. మిగిలిన సగం ఏమిటో తెలుసుకుంటే, ఎవరి పాలు ఎక్కడ చెడిపోతున్నాయో తేలుతుంది. ఎక్కడ చెడుతున్నాయో తేలితే బాగుచేసుకునే దారి కూడా దొరుకుతుంది.

ముందుగా, మంచి పాలు అంటే ఏమిటో చూద్దాం. మనం సాధారణంగా చిక్కదనం చూస్తాం. వెన్న బాగా ఉంటే మంచి పాలు, నీళ్లు కలిస్తే చెడ్డ పాలు అనుకుంటాం. వెన్న కొలవడానికి సులభమైన పద్ధతిని 1890లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. దాంతో పాలలో నీళ్లు పోసి లాభపడడం కష్టమైంది. ఇప్పుడు మన పాలకేంద్రాలలో మిషను నిమిషంలో వెన్నశాతం, వెన్న కాని ఘనపదార్థాల శాతం చెప్పేస్తున్నది. ధర కూడా ఆ రెండిటి మీదనే కడుతున్నారు.

కాని ఆ మిషను చెప్పని సంగతి ఒకటి ఉన్నది. అది శుభ్రత. ఏడుశాతం వెన్న ఉన్న పాలలో లక్షల క్రిములు ఉండవచ్చు. నాలుగుశాతం వెన్న ఉన్న ఆవుపాలు కడిగిన ముత్యంలాగా ఉండవచ్చు. కంటికి రెండూ తెల్లగానే కనిపిస్తాయి.

జబ్బులేని పశువు పొదుగులో పాలకు క్రిములు అంటవనే చెప్పాలి. ఉన్నా బహు స్వల్పం. పొదుగు దాటిన క్షణం నుంచి పాలకు కష్టకాలం మొదలవుతుంది. చన్నుకు అంటిన పేడ, పితికేవారి చెయ్యి, తోక విదిలింపు, కొట్టంలో లేచిన దుమ్ము, సరిగా తోమని చెంబు, చెరువునీళ్లతో తొలిచిన క్యాను, ఒక్కొక్క చోటా కొన్ని క్రిములు పాలలోకి దిగుతాయి. తీసిన పాలు పశువు ఒంటి వేడితో ఉంటాయి. క్రిములకు అంతకంటే అనువైన చోటు లేదు.

ఒక లెక్క చెబుతాను. తాజా పాలలో క్రిములను కొంతసేపు అణచిపెట్టే సహజశక్తి ఉన్నది. అది తగ్గిన తర్వాత మన ఎండల వేడిలో అరగంటకొకసారి క్రిములు రెట్టింపవుతున్నాయనుకోండి. మిల్లీలీటరుకు 10,000 క్రిములతో మొదలైన పాలు గంటకు 40,000, రెండు గంటలకు 1,60,000, నాలుగు గంటలకు 25,60,000 అవుతాయి. అవే పాలు శుభ్రంగా తీసి 1,000తో మొదలైతే నాలుగు గంటలకు 2,56,000 దగ్గరే ఉంటాయి. శుభ్రంగా తీసినందువల్ల మనకు వ్యవధి దొరికిందన్నమాట. అదే పాలను 4 డిగ్రీలకు చల్లబరిస్తే క్రిముల పెరుగుదల దాదాపు నిలబడిపోతుంది. పాల నాణ్యం అంతా ఈ రెండు మాటల్లో ఉన్నది: శుభ్రంగా తియ్యడం, త్వరగా చల్లబరచడం.

“కాచుకుంటే సరిపోదా?” అని మీరు అడగవచ్చు. కాచడం మంచిదే, తప్పక కాచుకోవాలి. క్షయ, బ్రూసెల్లా వంటి జబ్బుల క్రిములు కాగితే చస్తాయి. అయితే కొన్ని క్రిములు పాలలో పెరిగేటప్పుడే విషం వదులుతాయి. పొదుగువాపు తెచ్చే ఒక జాతి క్రిమి వదిలే విషం కాచినా పోదు. పశువుకు వేసిన మందు పాలలోకి దిగితే అదీ కాచినంత మాత్రాన పోదు. కాబట్టి చెడిన పాలను పొయ్యి మీద బాగుచేయడం కుదరని పని.

ఇక మన ముగ్గురు రైతుల దగ్గరికి వద్దాం.

మొదట రెండు గేదెల రైతు. ఈయనకు ఉన్న బలం పెద్దది. ఇంటి ఇల్లాలే పాలు పితుకుతుంది. గేదె మేత మానిందా, ఒక చన్ను గట్టిపడిందా, పాలలో పలుకులు వచ్చాయా అన్నది ఆమె చేతికే తెలుస్తుంది. ఏ యంత్రమూ అంత త్వరగా చెప్పలేదు. రెండే పశువులు గనుక ఒకదాని జబ్బు మందంతా పాకే ప్రమాదమూ తక్కువ.

మరి పాలు ఎక్కడ చెడుతున్నాయి? ఎక్కువగా చెంబులోను, దారిలోను. కొన్ని ఇళ్లలో చేతులు పాలలోనే తడుపుకుంటూ పితుకుతారు. చేతికున్నదంతా పాలలోకి పోతుంది. చేపు కోసం దూడను వదులుతాం, అది మంచిదే. కాని దూడ కుడిచిన తర్వాత చన్ను మీద దాని చొంగ ఉంటుంది. కడిగి తుడవకుండా పితికితే ఆ చొంగ కూడా పాలలోకే దిగుతుంది. పాలు తొణకకుండా క్యాను మూతికి గడ్డి, ఆకులు దోపే అలవాటు ఇంకా పోలేదు. గీతలు పడిన ప్లాస్టిక్ డబ్బాలు వాడుతున్నారు. ఆ గీతల్లో వెన్న పట్టి, ఎంత కడిగినా వదలక, మర్నాటి పాలకు తోడులాగా పనిచేస్తుంది.

అన్నిటికంటే పెద్ద నష్టం ఆలస్యం. తెల్లవారుజామున నాలుగున్నరకు పితికిన పాలు, బండివాడు వచ్చేదాకా గుమ్మంలో ఎండలో నిలబడితే ఏమవుతుందో ఇందాకటి లెక్క చెప్పింది. రాత్రి పాలు తెల్లవారి పాలలో కలిపేవారూ ఉన్నారు. పాత పాలు కొత్త పాలను కూడా తనవెంట తీసుకుపోతాయి.

ఇందుకు ఖర్చు అంతగా లేని ఉపాయాలు చెబుతాను. పితికే ముందు పొదుగును మంచినీళ్లతో కడిగి, ఉతికిన పొడిగుడ్డతో తుడవండి. తడి పొదుగు మీద నుంచి కారే నీరు పాలలో పడకూడదు. మొదటి రెండు మూడు ధారలు నల్లటి గిన్నెలోకి పిండి చూడండి. పలుకులు, నీరు విరిగినట్టు, ఎర్రజీర కనిపిస్తే ఆ పాలు విడిగా పారబోయవలసిందే. నేల మీద పిండవద్దు, ఆ క్రిములు కొట్టంలోనే ఉండిపోతాయి. బొటనవేలు మడిచి లాగకుండా నిండు పిడికిలితో పితకండి, చన్ను నొచ్చదు. పాత్ర స్టీలుదో అల్యూమినియందో అయి, మూలలు లేకుండా గుండ్రంగా ఉండాలి. వాడిన వెంటనే చన్నీళ్లతో తొలిచి, తర్వాత చాకలి సోడా వేసిన వేణ్నీళ్లతో తోమి, మళ్లీ మంచినీళ్లతో కడిగి, ఎండలో బోర్లించండి. మొదటనే వేణ్నీళ్లు పోస్తే పాలు పాత్రకు అంటుకుపోతాయి. బూడిద, మట్టి పెట్టి తోమవద్దు.

పాల క్యాను నీడలో, చల్లటి నీళ్ల తొట్టిలో పెట్టి, చుట్టూ తడిగోనె కప్పండి. 4 డిగ్రీలు రావు గాని, ఎండలో ఉంచినదానికీ దీనికీ చాలా తేడా ఉన్నది. పాలలో మంచుగడ్డ మాత్రం వేయవద్దు. అది నీళ్లు కలపడమే, పైగా ఆ మంచు ఏ నీళ్లతో చేశారో మనకు తెలియదు. పులుపు బయటపడకుండా సోడా కలపడం ఇంకా తప్పు. సోడా వల్ల పులుపు దాగుతుంది గాని క్రిమి చావదు. తాగే పిల్లవాడి పొట్టలోకి రెండూ పోతాయి.

రెండవవాడు ఇరవై గేదెల ఆసామి. పాడిలో కష్టమైన మెట్టు ఇదేనని నా అభిప్రాయం. ఇల్లాలి చెయ్యి ఇరవై గేదెలకు చాలదు, యంత్రం పెట్టడానికి మనసు ఒప్పదు. జీతగాళ్లు పితుకుతారు. ఒకే మనిషి, ఒకే చేతులతో, ఒకే గుడ్డతో వరసగా పది గేదెలను పితుకుతాడు. మూడవ గేదెకు పొదుగువాపు ఉంటే నాలుగవదానికి, అయిదవదానికి చేరవేసేది ఆ చెయ్యీ ఆ గుడ్డే.

పొదుగువాపులో పైకి కనిపించేది కొంతే. లోపల దాగినది ఎక్కువ. పొదుగు మామూలుగానే ఉంటుంది, పాలూ తెల్లగానే ఉంటాయి, కాని పాడి తగ్గుతుంది. అలాంటి పాలలో సొమాటిక్ కణాలు అనేవి పెరుగుతాయి. పొదుగులో దూరిన క్రిమితో పోరాడడానికి పశువు రక్తం నుంచి వచ్చే తెల్లకణాలే ఇందులో ఎక్కువ భాగం. వీటిని లెక్కపెట్టి పాల మంచిచెడ్డలు నిర్ణయించే పద్ధతి అనేక దేశాలలో ఉన్నది. ఐరోపా సమాఖ్య దేశాలలో మిల్లీలీటరుకు 4,00,000 దాటకూడదన్నది నిబంధన. అమెరికాలో మొదటి తరగతి పాలకు 7,50,000 హద్దు. మన కొట్టంలో అంత లెక్క పెట్టనక్కరలేదు. కాలిఫోర్నియా పరీక్ష అని ఒకటి ఉన్నది. నాలుగు గుంటల పళ్లెంలో నాలుగు చన్నుల పాలు వేరువేరుగా పిండి, దాని మందు అంతే కొలతలో పోసి తిప్పితే, జబ్బు చన్ను పాలు జిగురుగా చిక్కబడతాయి. మీ పశువైద్యుణ్ణి అడిగితే చేసి చూపిస్తారు. నెలకొకసారి ఈ పరీక్ష చేస్తే దాగిన దొంగ బయటపడతాడు.

ఆసామి చేయవలసినవి నాలుగు. ఒక్కొక్క గేదెకు ఒక్కొక్క గుడ్డ. పితికే వరసలో ముందు తొలిచూలువి, తర్వాత ఆరోగ్యంగా ఉన్నవి, ఆఖరున జబ్బువి. పితికిన వెంటనే చన్నులను అయోడిన్ మందులో ముంచడం. పితికాక అరగంట పశువు పడుకోకుండా ముందు మేత వేయడం. ఎందుకంటే పాలు తీసిన తర్వాత చన్ను రంధ్రం కొంతసేపు తెరుచుకునే ఉంటుంది. అప్పుడే పేడలో పడుకుంటే క్రిమికి తలుపు తీసి పిలిచినట్టే.

మరొక సంగతి. జబ్బు పశువుకు యాంటీబయాటిక్ మందు వేస్తే, ఎన్నాళ్ల పాలు వాడకూడదో సీసా మీద రాసి ఉంటుంది. ఆ రోజుల పాలు పారబోయడానికి ప్రాణం ఒప్పదు, నిజమే. ఇరవై గేదెల పాలలో ఒకదాని పాలు ఎవరికి తెలుస్తాయిలే అనిపిస్తుంది. కాని మందు కలిసిన పాలు తోడుకోవు. అంతకంటే పెద్ద చెరుపు, ఆ మందును కొద్దికొద్దిగా రోజూ పుచ్చుకున్న మన ఒంట్లో క్రిములు దానికి అలవాటుపడి, రేపు మన పిల్లలకు జబ్బు చేసినప్పుడు అదే మందు పనిచెయ్యకపోవచ్చు.

మూడవది రెండు వందల పశువుల ఫారం. ఇక్కడ చల్లబరచే యంత్రం ఉంటుంది. పాలు తీసిన కొద్దిసేపటికే 4 డిగ్రీలకు దిగుతాయి. పనివాళ్లకు రోజూ ఒకే పద్ధతి ఉంటుంది, లెక్కలు రాస్తారు. అమెరికాలో మందలవారీగా తీసిన లెక్కలలో పెద్ద మందల సొమాటిక్ కణాల సగటు చిన్న మందలకంటే తక్కువగానే కనిపిస్తున్నది. చల్లదనం, పద్ధతి, పరీక్ష ఈ మూడూ రోజూ తప్పకుండా జరిగితే ఫలితం ఉంటుందని దీని సారాంశం.

అంతమాత్రాన పెద్ద ఫారానికి లోపం లేదనుకోవద్దు. దాని లోపం గొట్టాలలో దాక్కుంటుంది. పాలు పోయే గొట్టాలు, రబ్బరు తొడుగులు ప్రతి పూటా గోరువెచ్చని నీళ్లతో, తర్వాత వేడి క్షారపు నీళ్లతో కడగాలి. అప్పుడప్పుడు ఆమ్లపు నీళ్లు కూడా పోనివ్వాలి, లేకపోతే పాలరాయి గారలాగా పేరుకుని క్రిములకు ఇల్లవుతుంది. రబ్బరు తొడుగులు సుమారు 2,500 సార్లు పితికిన తర్వాత మార్చవలసిందే. పీల్చేశక్తి ఎక్కువైనా, పాలు ఆగిన తర్వాత యంత్రం వదిలేసినా చన్నుమొన పుండుపడుతుంది. చల్లదనాన్ని నమ్ముకుని రోజుల తరబడి పాలు నిలవ ఉంచితే, చలిలో కూడా నెమ్మదిగా పెరిగే క్రిములు ఉన్నవి. వేల లీటర్ల తొట్టిలో మందు వేసిన ఒక్క గేదె పాలు పొరపాటున పడితే తొట్టెడు పాలూ పారబోయాలి.

దాణా సంగతి కూడా చెప్పాలి. పెద్ద ఫారం దాణా గోడౌనులో నెలల తరబడి ఉంటుంది. చెమ్మ తగిలిన వేరుసెనగ చెక్క, పత్తి చెక్క, మొక్కజొన్న బూజుపడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. పశువు తింటే రూపం మారి పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు తీసి, 2019లో ఫలితాలు ప్రకటించింది. 368 నమూనాలలో ఈ విషం హద్దు మించి ఉన్నది. 77 నమూనాలలో యాంటీబయాటిక్ హద్దు దాటింది. పాలంటే అందరూ నీళ్ల కల్తీని తలుచుకుంటారు. కాని ఈ రెండూ ఎవరూ కావాలని కలిపినవి కావు. బూజు చెక్క పారెయ్యనందువల్ల, మందు వేసిన పాలు విడిగా ఉంచనందువల్ల వచ్చినవి. రెండు గేదెల ఇంట్లో కూడా బూజుపట్టిన చెక్క కుడితిలో వేయవద్దు. మనిషి తినకూడనిది పశువుకు పెడితే తిరిగి మనిషి దగ్గరికే వస్తుంది.

చూశారా! మంద పరిమాణాన్నిబట్టి లోపం పోదు, చోటు మార్చుకుంటుంది. చిన్న రైతుకు అది చెంబులోను దారిలోను ఉన్నది. మధ్య ఆసామికి పితికే చేతిలో ఉన్నది. పెద్ద ఫారానికి గొట్టంలోను గోడౌనులోను ఉన్నది.

ఇక అసలు చిక్కు. మన చిన్న రైతుల పాలు చిన్నవిగా ఉండిపోవు. ఎనభై ఇళ్ల పాలు పాలకేంద్రంలో ఒకే తొట్టిలో కలుస్తాయి. అంటే నూటఅరవై గేదెల పెద్ద ఫారమే అయింది, దానికి ఎనభైమంది యజమానులు. కడివెడు పాలకు ఒక్క విషపు చుక్క చాలునంటారు. డెబ్బైతొమ్మిది మంది శుభ్రంగా తెచ్చినా, ఒకరు పులిసిన పాలు పోస్తే అందరి కష్టమూ పోయినట్టే.

ఇదే కలయిక మనకు బలం కూడా కావచ్చు. 1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు సహకార సంఘం పెట్టుకుని, ఒకటి రెండు గేదెలవాళ్ల పాలే కలిపి బొంబాయికి పంపారు. మన విజయవాడలో 1969లో పాల కర్మాగారం వచ్చినప్పుడూ దానికి ఆధారం చిన్న రైతుల పాలే. ఇప్పుడు ఊళ్లోనే పెద్ద చల్లబరచే తొట్టి పెట్టుకుంటే, పెద్ద ఫారానికి ఉన్న చల్లదనం రెండు గేదెల ఇల్లాలికీ దక్కుతుంది. ఆమె చేతికున్న శ్రద్ధ ఎలాగూ ఉన్నది. పితికిన రెండు గంటల లోపల పాలు ఆ తొట్టి చేరితే, ఆ ఊరి పాలు ఎవరి పాలకూ తీసిపోవు.

అయితే ఒక న్యాయం జరగాలి. గుడ్డతో తుడిచి, చెంబు ఎండబెట్టి, నడుచుకుంటూ వేళకు తెచ్చిన ఇల్లాలికీ, పేడచేతులతో పితికి గంట ఆలస్యంగా తెచ్చినవారికీ వెన్న ఒకటే అయితే ధరా ఒకటే ఇస్తున్నారు. మరి శ్రద్ధ ఎవరు పడతారు? శుభ్రతను కొలిచే చవక పరీక్ష లేకపోలేదు. 10 మిల్లీలీటర్ల పాలలో 1 మిల్లీలీటరు మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు నీరు కలిపి, 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. క్రిములు ఎక్కువ ఉంటే నీలం త్వరగా వెలిసిపోతుంది. అయిదు గంటలు దాటినా రంగు నిలిస్తే బహుమంచి పాలు. మూడు నాలుగు గంటలైతే మంచివి. ఒకటి రెండు గంటలైతే ఫరవాలేదు. అరగంటలోనే తెల్లబడితే పనికిమాలినవి. రోజూ అక్కరలేదు. వారానికొకసారి, చెప్పకుండా, ఇంటింటి నమూనా తీసి ఈ పరీక్ష చేయవచ్చు. రంగు ఎక్కువసేపు నిలిచినవారికి లీటరుకు కొంత ఎక్కువ ఇవ్వండి. ఎవరిది త్వరగా వెలిసిందో వారి ఇంటికి వెళ్లి, ఏ చోట చెడుతున్నదో చూసి చెప్పండి. సిగ్గుపరచడం వల్ల పాలు బాగుపడవు.

మీ సంఘం సమావేశం ఈసారి జరిగినప్పుడు వెన్నధర మాటతో పాటు ఈ మాట కూడా అడగండి. “మా పాలలో శుభ్రత ఎంత? దానికి ధర ఎంత?” అని. మొదటి ప్రశ్నకు జవాబు మీ చెంబులోనే ఉన్నది. రెండవ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు కేంద్రం వారు. ఇద్దరూ జవాబు చెప్పిన ఊళ్లో పాలు తాగే పసివాడికి, అది పట్నం పిల్లవాడైనా మన ఇంటి పిల్లవాడైనా, భయం ఉండదు.